బ్రిటన్‌ల మన సెప్టెంబర్ 17 సభ: జెండాలు, కండువాలు, వేదిక పనులు

ఆహ్వానాల పని చూసే తమ్ముడు:
అన్నా, కార్డు రేపు ప్రింటుకు పోవాలె. పైన ఏ దినోత్సవమని రాయాలె? గ్రూపుల నాలుగు పేర్లు నడుస్తున్నయి.

సమన్వయం చేసే అన్న:
ఏదీ రాయకు తమ్మీ. ‘సెప్టెంబర్ 17, నల్లగొండ, పాలమూరు కుటుంబాల సభ’ అని చాలు. 2022ల కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌ల విమోచన దినమని చేసింది, రాష్ట్రం పబ్లిక్ గార్డెన్స్‌ల జాతీయ సమైక్యతా దినమని చేసింది. సర్కారు మారినంక 2024ల అదే రోజు ప్రజాపాలన దినోత్సవమయింది. కమ్యూనిస్టులు ముందునుంచీ సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతరు. 1948ల నిజాం లొంగిపోయిన తారీఖు మాత్రం అందరికీ ఒక్కటే. రజాకార్ల చేతుల్ల మనుషులను పోగొట్టుకున్నోళ్ళు, పోలీస్ యాక్షన్ తర్వాత భయంతో ఊరిడిసినోళ్ళు, ఇద్దరి బిడ్డలూ మన సభకు వస్తరు. పార్టీ పెట్టిన పేరు కార్డు మీదికెక్కితే ఎవరో ఒకరు గడప కాడనే ఆగిపోతరు. అది నాకు అస్సలు ఇష్టం లేదు.

వేదిక చూసే అక్క:
వేదిక మీద రెండే జెండాలు. ముందు కూసున్నోళ్ళకు ఎడమ దిక్కు బ్రిటన్‌ది, కుడి దిక్కు మనది. మనమున్న దేశం జెండాకే మొదటి స్థానం. కర్రలు రెండూ ఒకే ఎత్తు ఉండాలె, ఒకే కర్రకు రెండు జెండాలు కట్టద్దు.

కొలత కాడ అందరూ తప్పు చేస్తరు. ఇక్కడ దుకాణాల్ల ఎక్కువగా దొరికేది అయిదడుగులు, మూడడుగుల సైజు. మన జెండా నిష్పత్తి 3:2, అందుకే ఆ సైజుల కొన్న త్రివర్ణం సాగినట్టు ఉంటది, చక్రం కూడా కోడిగుడ్డు తీరు అయితది. మనదానికి 1350 × 900 మిల్లీమీటర్లది ఆర్డర్ పెట్టండి, ఎత్తు రెండింటికీ దాదాపు మూడడుగులే వస్తది. పాలిస్టర్ అయినా పర్వాలేదు, ఫ్లాగ్ కోడ్‌కు, అంటే మన జెండా నియమాలకు, 2021 డిసెంబర్‌ల చేసిన సవరణతో అనుమతి వచ్చింది. లోపల గాలుండదు కాబట్టి నూలుదైతే మడతలు మంచిగ పడతయి. రాంగనే చక్రంల ఆకులు లెక్కపెట్టండి, 24 ఉండాలె, రెండు దిక్కులా అచ్చు ఉండాలె.

బ్రిటన్ జెండా తలకిందులు కట్టుడు సులువు, కనిపెట్టుడు కష్టం. కర్ర పక్కన పై మూల చూడండి: వెడల్పు తెల్ల పట్టీ ఎర్ర పట్టీకి పైన రావాలె.

మైకు బల్ల మీద జెండా కప్పద్దు. జెండాలతో తోరణాలు కూడా కట్టద్దు, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. బంతిపూల దండలు కడదాం. గోడకు నిలువుగా వేస్తే చూసేటోళ్ళకు కాషాయం ఎడమ దిక్కు రావాలె.

అతిథుల పని చూసే అన్న:
ఊరినుంచొచ్చే నాయకుల వెంట కండువాల సంచి కూడా వస్తది. జ్యోతి వెలిగించేటప్పుడు అనుచరులు చుట్టూ చేరి మెడల వేస్తరు, ఫొటో పడుతది, సాయంత్రానికల్లా మన సభ ఆ పార్టీ సభ అయిపోతది. అందుకే పిలుపు చిట్టీలనే ‘వేదిక మీద పార్టీ కండువాలు, బ్యాడ్జీలు ఉండవు’ అని రాసి, అన్ని పార్టీలోళ్ళకూ అదే చిట్టీ పంపాలె. మెట్ల కాడ ఇద్దరు నిలబడాలె. సన్మానం మన పళ్ళెంలనుంచే, పోచంపల్లి ఇక్కత్ కండువాతోనే. గులాబీ, కాషాయం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ తీసెయ్యండి, తెలుపు మీద నలుపు తెప్పియ్యండి.

పార్కింగ్ చూసే తమ్ముడు:
బయట దీపస్తంభాలకు త్రివర్ణం కడదామా? 2025 ఎండాకాలంల ఇక్కడోళ్ళు వీధులన్నీ జెండాలతో నింపిన్రు గదా.

సమన్వయం చేసే అన్న:
వద్దు తమ్మీ. రోడ్డు స్తంభం మీద ఏది కట్టాలన్నా రోడ్ల అధికారుల అనుమతి ఉండాలె. అనుమతి వచ్చినా కట్టద్దు. వీళ్ళ జెండాలకు పోటీగా మనవి కట్టినమని ఆ వాడోళ్ళు అనుకుంటరు, సంవత్సరమంతా వాళ్ళ మధ్యన ఉండేది మన పిల్లలే. హాల్ సొంత కర్ర ఉంటే, యజమాని ఒప్పుకుంటే దేశ జెండా ఎగరెయ్యొచ్చు, బోర్డులకు, ప్రకటనలకు తీసుకునే అనుమతితోని పనిలేదు. అయినా నేను లోపలనే ఉంచుదామంట.

పిల్లల కార్యక్రమం చూసే అక్క:
కాయిదం జెండాలు 80 చాలు, జాతీయ గీతం ముందే పంచుతం. గీతం 52 సెకన్లు, పాడినంక వెంటనే వసూలు చెయ్యాలె, లేకుంటే సర్వపిండి తినే కాడ కాళ్ళ కింద పడతయి. రెండు తలుపుల కాడా అట్టపెట్టెలు పెట్టండి. చినిగినవి చెత్తబుట్టల వెయ్యద్దు, నాకియ్యండి.

వేదిక చూసే అక్క:
పెద్ద జెండా మడతకు ఇద్దరు కావాలె. కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి మడిచి, తర్వాత తెలుపును రెండు దిక్కులనుంచి లోపలికి మడవాలె, చక్రం పైకి కనబడాలె. ఎవరొస్తరో పేర్లు శుక్రవారంలోపు ఇక్కడ పెట్టండి.