గోళీ పడే వేగంతో ద్రవాల చిక్కదనం: నీళ్లను ఎలా కొలవాలి?

మా పాప ఏడో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి ద్రవాల స్నిగ్ధత (అంటే చిక్కదనం, పారడానికి ద్రవం చూపే నిరోధం) మీద ప్రాజెక్ట్ చేస్తోంది. పొడవాటి గాజు జాడీల్లో నీళ్లు, నూనె, గ్లిజరిన్, తేనె పోసి, ఒకే సైజు గాజు గోళీలు వదిలి, అడుగుకు చేరడానికి ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూస్తున్నాం.

తేనెలో భలేగా వస్తోంది. గోళీ వెనకాల సన్నటి బుడగల తోక లేస్తుంది, పాపకి అదే పెద్ద సరదా. చిక్కంతా నీళ్లతోనే. బటన్ నొక్కేలోపే గోళీ అడుగున టక్కుమంటోంది. 20 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ స్నిగ్ధత నీళ్లకు వెయ్యి రెట్ల పైమాటే, మరి రెండింటికీ ఒకే గోళీ ఎలా సరిపోతుంది? పైగా గోళీ పడే వేగం నుంచి స్నిగ్ధతను లెక్కగట్టే 1851 నాటి స్టోక్స్ సూత్రం గోళీ చాలా నెమ్మదిగా పడినప్పుడే వర్తిస్తుంది. నీళ్లలో అది కుదరదు.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే చాలా? లేక సన్నటి గొట్టం గుండా కారే సమయాన్ని కొలిచి, నీళ్లతో పోల్చి చూపించడం మేలా? నాకైతే రెండోదే నిజాయితీగా అనిపిస్తోంది, కానీ పాప గోళీల పద్ధతి మానుకోనంటోంది!

ఇంకొకటి. జాడీ ఇరుకైతే గోడల వల్ల గోళీ నెమ్మదిస్తుందట. గోళీ కంటే జాడీ ఎన్ని రెట్లు వెడల్పుంటే ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదు? వేడి చేసిన తేనెతో కూడా చూపించాలని ఉంది. కొలిచేంతసేపూ వేడి తగ్గకుండా ఏం చేస్తారు? ఇలాంటివి చేయించిన టీచర్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.