రేసు బండి: చెప్పింది ఒకటి, అంటగట్టింది ఒకటి. డబ్బులు వెనక్కి రాబట్టే దారుందా?

కూకట్‌పల్లి_390:
అన్నలూ, ఒక సలహా కావాలి. ట్రాక్‌కి రెడీ చేసిన కేటీఎం 390 బైకు ఒకటి 2.1 లక్షలకి తీసుకున్నా. యాడ్‌లో "ఇంజన్ కొత్తగా కట్టించాం, ఒక్కసారి కూడా పడలేదు" అని ఉంది. వాట్సాప్‌లో అడిగినా అదే మాట. కోయంబత్తూరు కరి ట్రాక్‌కి వెళ్దామని ముందు మెకానిక్‌కి చూపిస్తే ఇంజన్‌లో కంప్రెషన్ (సిలిండర్‌లో నిలవాల్సిన ఒత్తిడి) లేదన్నాడు. ఫెయిరింగ్ (బయటి ప్లాస్టిక్ కవరు) విప్పితే హెడ్‌స్టాక్ (ఫ్రేములో హ్యాండిల్ తిరిగే చోటు) దగ్గర వెల్డింగ్, దాని మీద పెయింటు. అమ్మినతను ఇప్పుడు "చూసుకునే కదా కొన్నావ్" అంటున్నాడు. ఆర్సీ ఇంకా అతని పేరు మీదే ఉంది.

గేర్‌బాక్స్_గోపి:
ముందు బండి కదిలించకు, రిపేరు అసలే మొదలుపెట్టకు. ఇంజన్ విప్పేశాక "మీ మెకానిక్కే పాడుచేశాడు" అంటారు. నాకు జరిగింది అదే, కేసు అక్కడే నీరుగారిపోయింది. వేరే షెడ్డులో కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు (ఆ ఒత్తిడి ఎక్కడ లీకవుతోందో చూసేది) చేయించి, ఛాసిస్ నంబరుతో సహా కాగితం మీద రాయించుకో. వెల్డింగ్ ఫొటోలు కూడా. యాడ్ స్క్రీన్‌షాట్ ఇవ్వాళే తీసి పెట్టు, రేపటికి ఉండదు.

బార్_కౌన్సిల్_బాబాయ్:
అమ్మింది డీలరా, మామూలు మనిషా? అంతా దాని మీదే ఉంది. డీలరైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. పాత బండే అయినా నువ్వు వినియోగదారుడివే. 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కొన్ని కదులుతాయి.

కూకట్‌పల్లి_390:
మామూలు మనిషే సార్. తన సొంత బండి.

బార్_కౌన్సిల్_బాబాయ్:
అయితే కమిషన్ వద్దు, అక్కడ నిలబడదు. 1872 కాంట్రాక్టు చట్టం చూడు. సెక్షన్ 17 మోసం, 19 ప్రకారం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. "చూసుకుని కొన్నావ్" అనే వాదన కూడా ఆ 19లోంచే వస్తుంది: మామూలు జాగ్రత్తతో తెలిసే విషయమైతే రద్దు కుదరదంటుంది. కానీ అది అవతలివాడు నోరు మూసుకున్నప్పుడో, తెలియక తప్పు చెప్పినప్పుడో వర్తించేది. ఇక్కడ అతను తెలిసీ అబద్ధం రాశాడు. పైగా ఫెయిరింగ్ కింద పెయింటేసిన వెల్డింగ్ టెస్ట్ రైడ్‌లో ఎవరికి కనపడుతుంది? ముందు లాయరు నోటీసు పంపు, "బండి తీసుకో, డబ్బు ఇవ్వు" అని.

విజయవాడ_వీలీ:
పోలీస్ స్టేషన్‌కి పోతే పనవదా? మా తమ్ముడికి "సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అని చెప్పి పంపేశారు.

బార్_కౌన్సిల్_బాబాయ్:
ఎక్కువగా అదే అంటారు. బీఎన్‌ఎస్ (కొత్త శిక్షా చట్టం) 318 (పాత 420, చీటింగ్) కేసు పెట్టాలంటే అమ్మే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఆ వాట్సాప్ మెసేజ్ అందుకు పనికొస్తుంది. అయినా నోటీసు తర్వాతే పోవడం మేలు.

గేర్‌బాక్స్_గోపి:
ఒక్క మాట తమ్ముడూ. ఆర్సీ పేరు మార్చుకోకు. పేరు మార్పిడి ఫారం 29, 30 సంతకాలతో నీ దగ్గరే ఉంటే అలాగే ఉంచు. పేరు మారనంతకాలం ఆ బండి ఎవరినైనా గుద్దితే రికార్డులో ఓనరు అతనే, పరిహారం కేసు అతని మెడకే. అందుకే అమ్మినవాళ్లకి ట్రాన్స్‌ఫర్ తొందర ఉంటుంది. నీ చేతిలో ఉన్న పట్టు అదే. అలాగని రోడ్డెక్కించకు సుమా.

కూకట్‌పల్లి_390:
నిజమే అన్నా, "పేరు ఎప్పుడు మార్చుకుంటావ్" అని రెండుసార్లు అడిగాడు. బండి కవర్ కప్పి సెల్లార్‌లో పెట్టేశా. ఆ వెల్డింగ్ గురించి రాసిచ్చే ఫ్రేము మనిషి మన సిటీలో ఎవరైనా తెలుసా?

విజయవాడ_వీలీ:
డీఎం చెయ్యి బ్రో, మావాడొకడు బాలానగర్‌లో జిగ్ (ఫ్రేము బిగించే చట్రం) పెట్టి ఫ్రేములు కొలుస్తాడు.