డల్లాస్‌లో వామాకు దొరుకుతుందా?

అందరికీ నమస్కారం. మాది బెజవాడ సత్యనారాయణపురం. వచ్చి రెండు నెలలైంది. మూడేళ్ల బాబుకి దగ్గు. వామాకు రసం పట్టమంటోంది అమ్మ. ఇండియన్ స్టోర్‌లో అడిగితే వాము పొట్లం చేతిలో పెట్టారు. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఒక కొమ్మ తెప్పించుకోవచ్చా?

*

చెల్లెమ్మా, కొమ్మ మాత్రం తెప్పించకు. మొక్కకి చీడపీడలు లేవని అక్కడి నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. చెప్పకుండా సూట్‌కేసులో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. తెచ్చినవాళ్లు ఇరుక్కుంటారు, పాపం. అసలు ఆ అవసరమే లేదు. నర్సరీకి వెళ్లి 'క్యూబన్ ఒరెగానో' అని అడుగు, మన వామాకే. వాము గింజలు కాసేది వేరే మొక్క, వాసన కలిసిందని దీనికీ ఆ పేరొచ్చింది. పిజ్జా మీద చల్లే ఒరెగానో కూడా వేరే. ఇది మందపాటి ఆకు, పైన నూగు, అంచు రంపంలా ఉంటుంది. నలిపి చూడు, మీ అమ్మ పెరడు గుర్తొస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో మా కుళాయి పక్కనే ఉండేది. అమ్మమ్మ రెండాకులు పెనం మీద వాడ్చి, మెత్తబడగానే వేళ్లతో పిండేది. చెంచా అడుగు తడిసేంత రసం వచ్చేది. అందులో తేనె కలిపి నాకించేది. నా పిల్లలకీ అదే చేశాను, గొంతులో గరగర తగ్గి పడుకునేవాళ్లు. అందులో తేనె పుణ్యమూ ఉంది. ఏడాది దాటిన పిల్లలకి దగ్గొస్తే ఇక్కడి డాక్టర్లూ తేనె ఇమ్మంటారు. ఏడాది లోపు పసివాళ్లకి మాత్రం చుక్క కూడా వద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పుట్టగానే నాలుక మీద తేనె రాసే అలవాటు మనకుంది కదా, అది మానేయాలి.

ఇంకో మాట. ఆకు రసం ఉపశమనానికే. పిల్లికూతలు వినిపించినా, డొక్కలు ఎగరేస్తున్నా, జ్వరం వదలకపోయినా పీడియాట్రీషియన్‌కి ఫోన్ చెయ్యి. బిల్లు ఎంతవుతుందోనని ఆగొద్దు. పెదాలు నీలంగా మారితే వెంటనే 911. రసం ఇచ్చిన సంగతీ డాక్టరుకి చెప్పు.

మొక్కకి నీళ్లు తక్కువ పొయ్యి. చలి మొదలవగానే కుండీ లోపల పెట్టు, మంచు తగిలితే ఆకులు నల్లబడిపోతాయి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి అందనివ్వకు, ఈ ఆకు పిల్లులకి పడదు.

*

మేము ప్లేనోలో ఉంటాం అమ్మా. నర్సరీకి కూడా వెళ్లక్కర్లేదు, మా కుండీ నిండా గుబురుగా ఉంది. శనివారం బాబుని తీసుకుని రండి. నాలుగు కొమ్మలు విరిచిస్తాను, మట్టిలో గుచ్చితే చాలు. వామాకు బజ్జీలు కూడా వేస్తాను.