గాలి, కోర్స్ రూపకల్పన కాలేజీ అమ్మాయిల గోల్ఫ్ స్కోరును ఎంతవరకు మారుస్తాయి?

ఫ్రిస్కో నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పశ్చిమ టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయ జట్టులో గోల్ఫ్ ఆడుతోంది. శరదృతువులో కరోలినా వైపు పైన్ చెట్ల మధ్య ఉన్న కోర్సుల్లో 72, 73 కొట్టిన పిల్ల, మార్చి నెలలో తన ప్రాంతంలోనే జరిగిన టోర్నమెంటులో 80 కొట్టింది. రెండు చోట్లా పార్ (కోర్స్ ముగించడానికి నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) 72, పొడవు కూడా ఇంచుమించు 6,200 గజాలే. ఆ రోజు గాలి గంటకు 20 మైళ్లకు తగ్గలేదని, తాను ఆడింది చెడ్డ ఆట కాదని అమ్మాయి అంటోంది. స్కోరుకార్డు చూస్తే మాత్రం అలా అనిపించడం లేదు.

క్రికెట్ చూస్తూ పెరిగిన నేను గోల్ఫ్‌ను పిల్ల వెంట తిరుగుతూ నేర్చుకున్నాను కాబట్టి అడుగుతున్నాను. గాలి నిజంగా ఏడెనిమిది స్ట్రోకుల తేడా తెస్తుందా? కోర్స్‌ను మలచిన తీరును బట్టి ఆ తేడా పెరగడం, తగ్గడం ఉంటుందా? ర్యాంకింగులు లెక్కించేవారు దీన్ని పరిగణనలోకి తీసుకుంటారా, లేక 80 అంటే 80 అనే చూస్తారా?

పచ్చికబయలు (సమాధానం)

నేను కోర్స్ నిర్వహణలో పనిచేస్తున్నాను. మీ మొదటి రెండు ప్రశ్నలను విడదీయడం కుదరదు, ఎందుకంటే ఒకే గాలి ఒక కోర్స్‌లో రెండు స్ట్రోకులు తీసుకుంటే మరో కోర్స్‌లో ఎనిమిది తీసుకుంటుంది.

ముందు గాలి సంగతి. ఎదురుగాలి తీసుకునేంత దూరాన్ని వెనుకగాలి తిరిగి ఇవ్వదు. ఆటగాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం గంటకు ఒక మైలు ఎదురుగాలికి దూరంలో ఒక శాతం పోతుంది, అదే వేగంతో వెనుక నుంచి వీస్తే అర శాతం మాత్రమే కలిసివస్తుంది. గాలికి ఎదురుగా వెళ్లే బంతికి నిరోధం పెరుగుతుంది, దాని వెనుకకు తిరిగే స్పిన్ వల్ల పైకి లేపే బలం కూడా పెరుగుతుంది. అందువల్ల బంతి ముందుకు పోవలసింది పోయి పైకి లేచి, దాదాపు నిలువుగా కింద పడుతుంది. సగం హోల్స్ ఎదురుగాలిలో, సగం వెనుకగాలిలో ఉంటే లెక్క సరిపోతుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు కానీ, అది ఎప్పుడూ సరిపోదు.

ఇప్పుడు ఈ లెక్కను అమ్మాయిల ఆటకు వర్తింపజేసి చూడండి. షాట్లను రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన సగటుల ప్రకారం ఎల్‌పీజీఏ (అమెరికా మహిళల టూర్) వృత్తి క్రీడాకారిణుల డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) షాట్ గాలిలో 218 గజాల దాకా, 7-ఐరన్ షాట్ 140 గజాల దాకా వెళ్తుంది. కాలేజీలో బాగా ఆడే అమ్మాయిలు ఆ దరిదాపుల్లోనే ఉంటారు. నాలుగు వందల గజాల పార్-4 హోల్ (నాలుగు స్ట్రోకుల్లో ముగించవలసినది) ఉందనుకుందాం. గాలి లేని రోజున డ్రైవ్ దొర్లి 240 దాటితే మిగిలేది 160, అంటే మధ్యస్థ ఐరన్ దూరం. గంటకు 20 మైళ్ల ఎదురుగాలిలో అదే డ్రైవ్ 190 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 210 గజాలు ఆ గాలిలో 250 గజాలతో సమానం కాబట్టి రెండు షాట్లలో గ్రీన్ (గుంత ఉన్న నున్నటి పచ్చిక) చేరడం అసాధ్యం. కార్డు మీద ఇంకా పార్-4 అని రాసి ఉన్న ఆ హోల్ అమ్మాయిలకు ఐదు షాట్ల హోల్ అయిపోయింది. ఎక్కువ దూరం కొట్టే అబ్బాయికి అదే పరిస్థితి ఇంకా దూరం పోయే క్లబ్ తీసుకునే విషయం మాత్రమే.

రూపకల్పన పాత్ర ఇక్కడే మొదలవుతుంది. చాలా కోర్సుల్లో అమ్మాయిల టీలు (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోట్లు) ముందుకు జరిపి, దాంతో పని అయిపోయిందనుకుంటారు. గ్రీన్‌ను మాత్రం ఎత్తుగా వచ్చి చప్పున ఆగే మగవారి వెడ్జ్ షాట్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టి ఉంటారు. దాని ముందు భాగాన్ని బంకర్ (ఇసుక గుంత) మూసేసి ఉంటే, హైబ్రిడ్ అనే దూరపు క్లబ్‌తో తక్కువ కోణంలో వచ్చే బంతికి దొర్లుకుంటూ ఎక్కే దారి ఉండదు. వెనుకగాలి ఉన్నప్పుడు ఇది మరీ కష్టం. బంతి ఇంకా చదునుగా దిగుతుంది, గట్టిగా ఉన్న గ్రీన్ మీద ఆగకుండా వెనుక వైపుకు పోతుంది. అందుకే వెనుకగాలి హోల్ సులువని చెప్పడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ముందు భాగం తెరిచి ఉన్న గ్రీన్ ఉంటే ఆటగత్తె ముప్పై గజాల ముందే బంతిని దించి నేల మీదుగా పంపగలదు, గాలికి అక్కడ పెద్దగా పని ఉండదు.

పశ్చిమ టెక్సస్‌లో దీనికి మంచి ఉదాహరణ లబ్బక్‌లోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయపు రాల్స్ కోర్స్. టామ్ డోక్ రూపొందించగా 2003లో తెరిచారు. అక్కడ ఉన్నది చదునైన పత్తి చేను. మట్టిని భారీగా కదిలించి గట్లు, పల్లాలు సృష్టించారు. గాలి ఎలాగూ ఉంటుందని ఒప్పుకుని కట్టిన కోర్స్ కాబట్టి ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన పచ్చిక దారులు) వెడల్పుగా ఉంటాయి, నేల మీదుగా ఆడే అవకాశం ఉంటుంది. కరోలినాలో చెట్ల మధ్య సన్నగా సాగే కోర్స్ గాలిని అడ్డుకుంటుంది కనుక ఆ వెడల్పు అక్కడ అవసరం లేదు. మీ అమ్మాయి రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం నా దృష్టిలో అర్థం లేని పని.

స్కోరుకార్డు లెక్కలు (సమాధానం)

పై సమాధానంలోని పార్-4 లెక్కకు ఒక చిన్న చేర్పు. అమెరికాలో కోర్స్ రేటింగ్ (కోర్స్ ఎంత కష్టమో చెప్పే అంకె) నిర్ణయించేటప్పుడు మహిళా స్క్రాచ్ గోల్ఫర్ (దాదాపు పార్‌కు ఆడగల ఆటగత్తె) టీ నుంచి 210 గజాలు కొడుతుందని, 400 గజాల హోల్‌ను రెండు షాట్లలో చేరగలదని అనుకుంటారు. రేటింగ్ వేసే బృందం నేల మీద బంతి దొర్లే తీరు, ఎత్తుపల్లాలు, మలుపులు, సముద్రమట్టం నుంచి ఎత్తు, సాధారణంగా వీచే గాలి వంటివి చూసి కోర్స్ అసలు ఎంత పొడవుగా ఆడుతుందో సవరిస్తుంది. అయితే ఆ గాలి ఏడాది పొడవునా వీచే సగటు గాలి మాత్రమే. మార్చిలో ఉత్తరం నుంచి చలిగాలి ముంచుకొచ్చిన ఒక మధ్యాహ్నపు గాలి అందులో ఉండదు. రోజువారీ తేడా కోసం 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే అంకె) విధానంలో ఆట పరిస్థితుల సవరణ అనేది పెట్టారు. కనీసం ఎనిమిది మంది స్కోర్లు ఉంటే, ఊహించిన దానికీ వచ్చిన దానికీ తేడా చూసి, మైనస్ 1 నుంచి ప్లస్ 3 వరకు సవరిస్తారు. అంటే కోర్స్ ఆరు స్ట్రోకులు కష్టమైన రోజున కూడా గుర్తించేది మూడే.

కాలేజీ గోల్ఫ్‌లో మీకు కావలసింది హ్యాండిక్యాప్ కాదు, ర్యాంకింగ్. అక్కడ పరిస్థితి న్యాయంగానే ఉంది. పార్‌కు ఎన్ని ఎక్కువ, ఎన్ని తక్కువ అన్నది కాకుండా, అదే రోజు అదే కోర్స్ మీద ఆడిన మిగతావారితో పోలిస్తే ఎక్కడ నిలిచారు, ఆ మిగతావారు ఎంత బలమైనవారు అన్నది ముఖ్యం. ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్ కూడా పోటీలో ఉన్నవారి బలాన్ని చూసే పాయింట్లు ఇస్తుంది. కనుక మీరు చూడవలసింది 80 అనే అంకెను కాదు, ఆ రోజు మొత్తం బరిలో ఉన్నవారి సగటును. సగటు 79 ఉన్న రోజున 80 కొట్టిన అమ్మాయి, సగటు 71 ఉన్న రోజున 73 కొట్టిన అమ్మాయి కంటే మెరుగ్గా ఆడినట్టే లెక్క. కోచ్‌లకు ఈ సంగతి బాగా తెలుసు. తెలియనిది మనలాంటి బంధువులకే.

జట్టు లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఐదుగురు ఆడితే నాలుగు మంచి స్కోర్లనే కలుపుతారు. గాలి లేని రోజున ఐదుగురి స్కోర్లు 71 నుంచి 75 మధ్య కుదురుకుంటే, వదిలేసే ఐదో కార్డు విలువ స్వల్పం. గాలి రోజున స్కోర్లు 74 నుంచి 86 దాకా చెదిరిపోతాయి. అప్పుడు ఆ ఒక్క 86ను వదిలేయడం జట్టుకు పెద్ద ఊరట, కానీ 86లు రెండు వస్తే ఒకదాన్ని మోయక తప్పదు. ఒకరిద్దరు మెరికల మీద నడిచే జట్లు గాలిలో కుదేలవడానికి, ఐదుగురూ మధ్యస్థంగా ఆడే జట్లు పైకి రావడానికి కారణం ఇదే.

ఫ్రిస్కో నాన్న

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫలితాల పట్టికలో సగటు లెక్కగట్టి చూస్తే 78కి కొద్దిగా పైన వచ్చింది. ఇంకొక్క సందేహం. అందరినీ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెట్టించే షాట్‌గన్ పద్ధతిలో ఆడించారు. అలాంటప్పుడు గాలి అందరికీ సమానమే కదా?

పాత జట్టు అక్క (సమాధానం)

సమానం కాదండి. నేను ఓక్లహోమాలో నాలుగేళ్లు కాలేజీ జట్టుకు ఆడాను కాబట్టి ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పగలను. షాట్‌గన్‌లో అందరూ ఒకే గంటల్లో ఆడతారన్నది నిజమే కానీ, ఏ గంటలో ఏ హోల్ దగ్గర ఉంటారన్నది వేరు. దక్షిణ మైదానాల్లో వసంతకాలపు గాలి సాధారణంగా ఉదయం మెత్తగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. కోర్స్‌లో చెరువు పక్కన, గుట్ట మీద ఉన్న నాలుగైదు కష్టమైన హోల్స్‌తో పొద్దున్నే మొదలుపెట్టిన అమ్మాయి వాటిని ప్రశాంతంగా దాటేస్తుంది, వాటితో ముగించవలసిన అమ్మాయి గాలి పూర్తి బలంతో ఉన్నప్పుడు అక్కడికి చేరుతుంది. ఒకే రోజు 36 హోల్స్ ఆడించే టోర్నమెంటులో బండి తోసుకుంటూ నడిచి నడిచి కాళ్లు కూడా లాగేస్తాయి, గాలిలో నిలదొక్కుకుని పుట్ చేయడం (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడం) అప్పుడు మరీ కష్టం.

కాలేజీ జట్ల జాతీయ చాంపియన్‌షిప్‌లో ఉదయం, మధ్యాహ్నం అని రెండు విడతలుగా పంపుతారు. 2024 నుంచి అది జరుగుతున్న కాలిఫోర్నియా కార్ల్స్‌బాడ్‌లోని లా కోస్టా నార్త్ కోర్స్, గిల్ హాన్స్ తిరిగి మలచినది, పసిఫిక్ తీరానికి దగ్గరగా ఉంటుంది. సముద్రతీరం కాబట్టి పొద్దున పొగమంచు పొరతో నిశ్చలంగా ఉండి, మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. విడతలు మార్చి పంపడం వల్ల కొంత సర్దుబాటు అవుతుంది, అంతా కాదు.

రూపకల్పనలో హోల్స్ ఏ దిశకు తిరిగి ఉన్నాయన్నది కూడా పెద్ద విషయం. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ ఇంచుమించు వెళ్లి తిరిగి వచ్చే దారి, కనుక ఒకే గాలిని చాలాసేపు భరించాలి. 2022లో మహిళల బ్రిటిష్ ఓపెన్ జరిగిన మ్యూర్‌ఫీల్డ్‌లో మొదటి తొమ్మిది హోల్స్ బయటి వలయంలో సవ్యదిశలో, తరువాతి తొమ్మిది లోపలి వలయంలో అపసవ్యదిశలో తిరుగుతాయి, గాలి కొద్ది హోల్స్‌కొకసారి కోణం మార్చుకుంటూనే ఉంటుంది. మొదటి రకంలో ఓర్పు కావాలి. రెండో రకంలో ప్రతి టీ దగ్గరా కొత్తగా లెక్క వేసుకోవాలి. నాకు రెండోదే కష్టంగా తోచేది.

పచ్చికబయలు గారితో ఒక చోట విభేదిస్తున్నాను. చెట్లు గాలిని అడ్డుకుంటాయన్నది మెత్తని గాలికే నిజం. స్టిల్‌వాటర్‌లోని కార్‌స్టెన్ క్రీక్ టామ్ ఫాజియో రూపొందించినది, దట్టమైన అడవి మధ్య ఉంటుంది. అలాంటి చోట గాలి ఉన్న రోజున టీ దగ్గర ఆకు కదలదు, జెండా గుడ్డ వేలాడుతూ ఉంటుంది, కానీ చెట్ల కొనలు దాటిన బంతిని గాలి పక్కకు ఈడ్చుకుపోతుంది. బయలు ప్రదేశంలో గాలి ఎటు ఉందో ఒంటికి తెలుస్తుంది, అడవిలో అది మోసం చేస్తుంది. సన్నని ఫెయిర్‌వేకు తోడు ఆ మోసం కలిస్తే వెడల్పాటి రాల్స్ కోర్స్ ఎంతో నయం.

గ్రీన్ల మీద కూడా గాలి పనిచేస్తుందని చాలామందికి తట్టదు. గడ్డిని బాగా కత్తిరించి వేగంగా ఉంచిన గ్రీన్ మీద ఆగిన బంతి గాలికి కదులుతుంది. 2019 నుంచి నియమం ఏమిటంటే, బంతిని ఒకసారి గుర్తు పెట్టి ఎత్తి తిరిగి పెట్టాక గాలి కదిపితే పాత చోటికే తెచ్చి పెట్టాలి, పెనాల్టీ లేదు. అంతకుముందే గాలి కదిపితే కొత్త చోటు నుంచే ఆడాలి. కాబట్టి గాలి రోజున గ్రీన్ చేరగానే గుర్తు పెట్టి ఎత్తమని మీ అమ్మాయికి ఎవరూ చెప్పకపోతే మీరు చెప్పండి. ఒక్కోసారి నియమాలతో కూడా పని జరగదు. 2012లో రాయల్ లివర్‌పూల్‌లో మహిళల బ్రిటిష్ ఓపెన్ రెండో రౌండ్‌ను గాలి వల్ల ఆపేసి, ఆ ఉదయం అప్పటికి ఆడినవారి స్కోర్లన్నీ రద్దు చేశారు.

మీరు అడగని విషయం ఒకటి. జాతీయ పోటీలో స్ట్రోక్ ప్లే (మొత్తం స్ట్రోకులు కలిపే పద్ధతి) ముగిశాక మొదటి ఎనిమిది జట్లు మ్యాచ్ ప్లేకు (హోల్‌కు హోల్ గెలుపోటములు చూసే పద్ధతికి) వెళ్తాయి. 2018లో ఆ కార్‌స్టెన్ క్రీక్‌లోనే అరిజోనా జట్టు చివరి హోల్‌లో బియాంకా పాగ్దాంగానన్ చేసిన ఈగిల్ (పార్ కంటే రెండు తక్కువ) వల్ల ఎనిమిదో స్థానానికి బేలర్‌తో సమానమై, ప్లేఆఫ్ గెలిచి లోపలికి వచ్చి, చివరికి కప్పు కూడా ఎత్తింది. స్ట్రోక్ ప్లేలో గాలి వల్ల ఒక పార్-4 హోల్‌లో తొమ్మిది కొడితే ఆ ఐదు స్ట్రోకులు చివరిదాకా వెంటాడతాయి. మ్యాచ్ ప్లేలో అదే తొమ్మిది ఒక్క హోల్ ఓటమి మాత్రమే. 2025 ఫైనల్‌లో, స్ట్రోక్ ప్లేలో మొదటి స్థానంలో నిలిచిన స్టాన్‌ఫర్డ్‌ను నార్త్‌వెస్టర్న్ 3-2తో ఓడించగలిగింది. అందుకే మ్యాచ్ ప్లేకు సిద్ధం చేసే కోచ్‌లు గాలి రోజున మొత్తం స్కోరు అడగరు, ఎన్ని హోల్స్‌లో పార్ దక్కించుకున్నావని అడుగుతారు. మీ అమ్మాయి 80 కార్డును ఆ లెక్కన మరోసారి చూడండి. రెండు మూడు హోల్స్‌లోనే స్ట్రోకులన్నీ పోయి, మిగతావి పార్లయితే, జట్టులో ఆమె స్థానానికి వచ్చిన ముప్పేమీ లేదు. అలా కాకుండా ఎనిమిది హోల్స్‌లో ఒకటి చొప్పున జారిపోయి ఉంటే ఎదురుగాలిలో బంతిని కిందుగా ఉంచే షాట్ ఆమెకు ఇంకా కుదరలేదన్నమాట. ఒక క్లబ్ ఎక్కువ తీసుకుని, బంతిని కాస్త వెనక్కి పెట్టుకుని, సగం ఊపుతో కొట్టడం వేసవిలో సాధన చేయాలి. బలంగా కొట్టేకొద్దీ స్పిన్ పెరిగి బంతి ఇంకా పైకి లేస్తుంది.