క్యూ ఖాళీ అయితే ప్రింట్ అయినట్టేనా? ఎల్‌పీ, ఎల్‌పీఆర్, వెబ్ పేజీ: దేన్ని నమ్మాలి?

క్రాన్‌ట్యాబ్:
మా స్క్రిప్టు రాత్రిపూట రిపోర్టులు ప్రింటర్‌కి పంపుతుంది. లినక్స్ మీద కప్స్ (ప్రింట్ పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్), ప్రింట్‌కి పంపే కమాండు ఎల్‌పీ. కమాండు ముగిశాక ఎగ్జిట్ కోడ్ సున్నా (తప్పేమీ లేదని) వస్తే లాగ్‌లో "పూర్తయింది" అని రాసుకుంటుంది. పొద్దున చూస్తే ఒక్కోసారి కొన్ని రిపోర్టులు ట్రేలో ఉండవు, లాగ్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. దీని మీద టీమ్‌లో గొడవ. ఎల్‌పీఆర్‌తో (ఇదీ ప్రింట్‌కి పంపే కమాండే) పంపి, ఎల్‌పీక్యూతో క్యూ (ఇంకా ప్రింట్ అవ్వాల్సిన పనుల వరుస) ఖాళీ అయ్యేదాకా చూస్తే సరిపోతుందని ఒకరు. కమాండ్ లైన్‌తో నిఘా అయ్యే పని కాదు, కప్స్ 631 పోర్టులో చూపించే వెబ్ పేజీని మనిషే చూడాలని ఇంకొకరు. మీరేమంటారు?

పాత_టెర్మినల్:
మొదటాయన చెప్పిందే కరెక్టు. ఎల్‌పీక్యూకి ప్లస్ 5 అని ఇస్తే 5 సెకన్లకోసారి క్యూ చూపిస్తూ, ఖాళీ అవగానే దానంతటదే ఆగిపోతుంది. స్క్రిప్టులో లూపు రాసే పని కూడా లేదు. పాత యూనిక్స్ బీఎస్‌డీ రోజుల నుంచి ఇదే వాడుతున్నాం.

స్పూల్‌డైరెక్టరీ:
పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది గానీ కాదనాల్సిందే. క్యూలోంచి పని పోవడానికి ప్రింట్ అవడం ఒక్కటే కారణం కాదు. ఎవరో క్యాన్సిల్ చేసినా పోతుంది. ఎర్రర్ పాలసీ (తప్పు వస్తే ఏం చేయాలన్న సెట్టింగ్) అబార్ట్-జాబ్ అని పెట్టి ఉంటే, బ్యాకెండ్ (ప్రింటర్‌కి డేటా పంపే భాగం) ఫెయిలైన పనిని కప్స్ పక్కన పడేసి తర్వాతిది అందుకుంటుంది. మీ ఎల్‌పీక్యూ ఇవన్నీ చూసి "ఖాళీ" అని సంతోషంగా ఆగిపోతుంది.

ఇక ఎగ్జిట్ కోడ్. సున్నాకి అర్థం "పనులను నడిపే షెడ్యూలర్ ఈ పనిని తీసుకుంది" అని మాత్రమే. కప్స్‌లో ప్రింటర్‌కి రెండు వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి: పనులు తీసుకుంటుందా లేదా (కప్స్‌యాక్సెప్ట్, కప్స్‌రిజెక్ట్), తీసుకున్నవి ప్రింట్ చేస్తుందా లేదా (కప్స్‌ఎనేబుల్, కప్స్‌డిసేబుల్). మొదటిది ఆన్‌లో, రెండోది ఆఫ్‌లో ఉంటే ఎల్‌పీ హాయిగా సున్నా ఇస్తుంది, పని క్యూలోనే కూర్చుంటుంది. పాలసీ స్టాప్-ప్రింటర్ అయితే ఒక్క ఎర్రర్ చాలు, ప్రింటర్ ఈ స్థితికే వస్తుంది. తర్వాతి రిపోర్టులన్నీ వరుసగా పేరుకుంటాయి, ఒక్క కమాండూ ఫెయిల్ అవదు. లాగ్ శుభ్రంగా ఉండటంలో వింతేమీ లేదు.

ఎల్‌పీయే ఎందుకంటారా? అది పంపగానే "రిక్వెస్ట్ ఐడీ ఈజ్ లేజర్-214" అని చెబుతుంది. ఎల్‌పీఆర్ ఏమీ అనదు. ఐడీ లేకుండా ఏ పని సంగతి కనుక్కుంటారు?

పాత_టెర్మినల్:
ఎల్‌పీఆర్ మౌనంగా ఉండటమే మంచి అలవాటు. పైగా చేతికి అలవాటైన ఆప్షన్లు మార్చుకోమంటే ఎలా?

స్పూల్‌డైరెక్టరీ:
చేతి అలవాటుకే వస్తా. ఎల్‌పీఆర్‌లో మైనస్ పెద్ద పీ అంటే ప్రింటర్ పేరు. ఎల్‌పీలో అదే ఆప్షన్‌కి పేజీ నంబర్లు ఇవ్వాలి, ప్రింటర్‌కి మైనస్ డీ. కాపీలకి ఎల్‌పీలో మైనస్ ఎన్, ఎల్‌పీఆర్‌లో మైనస్ హ్యాష్. రెండు యూనిక్స్ శాఖలు సిస్టమ్ ఫైవ్‌కీ (ఎల్‌పీ) బీఎస్‌డీకీ (ఎల్‌పీఆర్) మధ్య పాత పంచాయితీ ఇది. 1999లో కప్స్ వచ్చి తీర్పు చెప్పకుండా ఇద్దర్నీ ఇంట్లో పెట్టుకుంది. ఒక స్క్రిప్టులో రెండూ కలపకండి, అంతే.

విండో_మేనేజర్:
ఇన్ని చెప్పాక వెబ్ పేజీ చూడాలన్న రెండో మాటే నిలబడింది కదా! వెబ్ పేజీ తెరిస్తే ప్రింటర్ ఆగిందా, కాగితం అయిపోయిందా, ఏ పని అబార్ట్ అయింది అన్నీ ఒకచోట కనిపిస్తాయి. స్క్రిప్టులో ఎల్‌పీస్టాట్ (ప్రింటర్ల, పనుల స్థితి చూపే కమాండు) అవుట్‌పుట్‌లో గ్రెప్‌తో మాటలు వెతకడం గాల్లో దీపమే. సిస్టమ్ భాష మారితే మెసేజ్‌లూ మారతాయి.

స్పూల్‌డైరెక్టరీ:
భాష సంగతి నిజం. దానికి మందు ఒక లైనే: స్క్రిప్టు మొదట్లో మెసేజ్‌ల భాషని నిర్ణయించే ఎల్‌సీ_ఆల్‌ని సీ అని సెట్ చేయడం. మిగతాది ఒప్పుకోను. ఆ వెబ్ పేజీ, ఎల్‌పీస్టాట్ రెండూ అడిగేది ఒకే షెడ్యూలర్‌ని. పేజీకి అదనంగా తెలిసే రహస్యమేమీ లేదు. ఎల్‌పీస్టాట్‌కి మైనస్ ఎల్, మైనస్ చిన్న పీ ఇవ్వండి, అలర్ట్స్ అనే వరుసలో కాగితం, టోనర్ గొడవలు వస్తాయి. అయిపోయిన పనులకి మైనస్ పెద్ద డబ్ల్యూ కంప్లీటెడ్ పెట్టి, దాని తర్వాత మైనస్ ఓ (ముందు పెడితే పని చేయదు).

ఒక మెలిక ఉంది. ఈ "కంప్లీటెడ్" జాబితాలో క్యాన్సిలైనవీ, అబార్టైనవీ కూడా ఉంటాయి. మైనస్ ఎల్ కూడా ఇచ్చి, మీ ఐడీ కింద అలర్ట్స్‌లో జాబ్-కంప్లీటెడ్-సక్సెస్‌ఫుల్లీ అని ఉందో లేదో చూడాలి. జాబితాలో ఐడీ కనబడగానే సంబరపడితే మళ్లీ మొదటికే.

రాత్రి రెండింటికి వెబ్ పేజీ ముందు ఎవరిని కూర్చోబెడతారో కూడా చెప్పండి.

పోర్ట్9100:
అందరూ షెడ్యూలర్ దగ్గరే ఆగిపోయారు. క్రాన్‌ట్యాబ్ గారూ, మీ ప్రింటర్ యూఆర్‌ఐ (కప్స్‌లో ప్రింటర్ చిరునామా) ఏంటి? ఎల్‌పీస్టాట్ మైనస్ వీ కొట్టి చూడండి. సాకెట్ అని మొదలైతే అసలు సమస్య అక్కడుంది.

సాకెట్ బ్యాకెండ్ 9100 పోర్టుకి బైట్లు పంపుతుంది. ప్రింటర్ అవి అందుకుని కనెక్షన్ మూసేస్తే కప్స్ దృష్టిలో పని సక్సెస్. అప్పటికి రిపోర్టు ప్రింటర్ మెమరీలో ఉండొచ్చు. ఆ క్షణంలో ఎవరైనా ప్రింటర్ ఆఫ్ చేస్తే? స్పూల్‌డైరెక్టరీ చెప్పిన సక్సెస్‌ఫుల్లీ అన్న మాట అలాగే ఉంటుంది, కాగితం రాదు. ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అయితే బ్యాకెండ్ పంపి ఊరుకోదు, పని ఏ స్థితిలో ఉందో ప్రింటర్‌నే అడుగుతూ, ప్రింటర్ అయిందనేదాకా ఆగుతుంది. ఎవరైనా తొందరపడి యూఆర్‌ఐలో వెయిట్‌జాబ్ ఈక్వల్స్ ఫాల్స్ పెట్టారేమో చూసుకోండి, పెడితే ఆ లాభం పోయినట్టే.

నా లెక్కలో ఎల్‌పీనా ఎల్‌పీఆరా అన్నది చిన్న గొడవ. ప్రింటర్ తిరిగి మాట్లాడుతుందా లేదా అన్నదే పెద్దది.

పాత_టెర్మినల్:
ఇది ఒప్పుకోవాల్సిన మాట. ఎల్‌పీఆర్ వెనకున్న ఎల్‌పీడీ పద్ధతిని 1990లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) 1179గా రాసినప్పుడు, క్యూ స్థితి అడిగితే ఏదో మామూలు టెక్స్ట్ తిరిగొస్తుందన్నారంతే. ఆ టెక్స్ట్ ఏ రూపంలో ఉండాలో నిర్ణయించలేదు. మనిషి చదువుకోవడానికి పెట్టింది అది. ఐనా చేత్తో ఒక ఫైలు పంపడానికి నా ఎల్‌పీఆర్ నాకుంటుంది.

క్రాన్‌ట్యాబ్:
చూశాను. యూఆర్‌ఐ సాకెట్టే. పాలసీ అబార్ట్-జాబ్! ఎవరు పెట్టారో తెలీదు. ప్రింటర్‌కి ఐపీపీ ఉంది కాబట్టి సెట్టింగులు మార్చే ఎల్‌పీఅడ్మిన్ కమాండుతో అటు మారుస్తున్నా, పాలసీని రీట్రై-జాబ్‌కి (ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించేది). స్క్రిప్టు ఇకమీదట ఐడీ పట్టుకుని, సక్సెస్‌ఫుల్లీ వస్తేనే "పూర్తయింది" రాస్తుంది.

విండో_మేనేజర్:
రీట్రై-జాబ్ పెడితే రాత్రంతా ఒకే పని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుందేమో?

స్పూల్‌డైరెక్టరీ:
రాత్రంతా కాదు, సెట్టింగ్ మార్చకపోతే ఐదుసార్లు మళ్లీ ప్రయత్నించి ఆ పనిని అబార్ట్ చేస్తుంది. మధ్యలో తెగితే మొదటి పేజీలు రెండుసార్లు రావచ్చు కూడా. అందుకే స్క్రిప్టుకో గడువు పెట్టండి: అది దాటితే ఎల్‌పీ మైనస్ ఐతో ఆ ఐడీ ఇచ్చి మైనస్ పెద్ద హెచ్ హోల్డ్, ఆపై మెయిల్. క్యాన్సిల్ వద్దు. హోల్డ్‌లో ఉంటే పొద్దున మైనస్ పెద్ద హెచ్ రెజ్యూమ్‌తో మళ్లీ కదిలించొచ్చు.

పోర్ట్9100:
పేజీ_లాగ్ (ప్రింటైన పేజీల లాగ్) కూడా ఆన్ చేసుకోండి. కొత్త వెర్షన్లలో పేజ్‌లాగ్‌ఫార్మాట్ అనే సెట్టింగ్ మొదట ఖాళీగా ఉంటుంది, అంటే లాగ్ రాదు. దాన్ని ప్రింటర్ సొంత కౌంటర్‌తో పోల్చి, తేడా ఉంటే ఇక్కడ రాయండి.