ఎంపీసీ వాళ్లు ఐసర్‌కి అప్లై చేయాలంటే బయాలజీ ఎంత చదవాలి?

వేవ్స్_అమ్మాయి:

అన్నలకీ అక్కలకీ నమస్తే. నేను ఇంటర్ సెకండ్ ఇయర్, ఎంపీసీ. నాకు ఇంజినీరింగ్ కాకుండా ఫిజిక్స్ చదవాలని ఉంది, ఇది ఇవాళ పుట్టిన కోరిక కాదు, ఫస్ట్ ఇయర్‌లో వేవ్స్ చదివినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. సైన్స్ చదువుకీ పరిశోధనకీ ఉన్న కేంద్ర సంస్థలు ఐసర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపిన కోర్సు) గురించి తెలిసింది. ఇంతకుముందు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో కూడా తీసుకునేవాళ్లట, ఇప్పుడు ఐసర్ వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష ఐఏటీ ఒక్కటే దారి అంటున్నారు. అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు బయాలజీ కూడా ఉంది. టెన్త్ తర్వాత మేం ఆ సబ్జెక్టు ముట్టుకోలేదు. కాలేజీలో అడిగితే "అవన్నీ ఎందుకమ్మా, జేఈఈ మీద దృష్టి పెట్టు" అన్నారు.

బయాలజీ పూర్తిగా వదిలేసి మిగతా మూడూ గట్టిగా రాస్తే సీటు వస్తుందా? ఇంకొకటి, నాన్న "ఐదేళ్లు చదివాక ఏం చేస్తావు" అని అడుగుతున్నారు. వద్దనడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు, కానీ నా దగ్గర సరైన జవాబు లేదు. అప్లికేషన్ దగ్గర జాగ్రత్తలు ఏమైనా ఉంటే అవీ చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఐసర్_నాలుగో_ఏడాది:

చెల్లీ, బయాలజీ వదిలేయకు. ఐఏటీలో 60 ప్రశ్నలు, సబ్జెక్టుకి 15 చొప్పున, మూడు గంటలు. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 పోతుంది. అంటే మొత్తం 240లో బయాలజీవే 60. ర్యాంకు నాలుగు సబ్జెక్టుల మొత్తం మీదే వేస్తారు, ఎంపీసీ వాళ్లకి వేరే లిస్టు ఏమీ ఉండదు. పావు పేపర్ ఖాళీగా వదిలేసి మిగతా మూడింట్లో ఆ లోటు పూడ్చుకోవాలంటే వాటిలో దాదాపు తప్పులే లేకుండా రాయాలి. ఐఏటీ మ్యాథ్స్, ఫిజిక్స్ అంత తేలిక కాదు, ఆ ధైర్యం చేయొద్దు.

మంచి సంగతి ఏంటంటే, బయాలజీలో కొన్ని చాప్టర్లు ఎంపీసీ వాళ్లకే ఎక్కువ అనుకూలం. జెనెటిక్స్ తీసుకో. మెండెల్ నిష్పత్తులు, పెడిగ్రీ చార్టులు అంటే లోపల ఉన్నదంతా ప్రాబబిలిటీయే. హార్డీ-వైన్‌బర్గ్ సమీకరణం p², 2pq, q² చూస్తే నీకు (p+q)² గుర్తొస్తుంది, బట్టీ పట్టే పనే లేదు. ఎకాలజీలో జనాభా పెరుగుదల గ్రాఫులు, లాజిస్టిక్ సమీకరణం కూడా అంతే. బయోమాలిక్యూల్స్‌లో సగం నీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చేసింది. వీటి తర్వాత డీఎన్ఏ నుంచి ప్రోటీన్ దాకా ఉండే చాప్టర్, ఆ తర్వాత సెల్, చివర్లో హ్యూమన్ ఫిజియాలజీ. మొక్కల వర్గీకరణ, జంతువుల వర్గీకరణ టైమ్ మిగిలితేనే చూడు, ఎంపీసీ నుంచి వచ్చేవాళ్లు వాటి దగ్గరే విసిగిపోయి మొత్తం సబ్జెక్టే మూసేస్తారు. పుస్తకం మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 చాలు, లావు గైడ్లు కొనకు.

నీకు ఫిజిక్స్ ఇష్టమని చెప్పావు కాబట్టి ఇంకో మాట. ఐసర్‌లో చేరగానే ఫిజిక్స్ ఒక్కటే చదవరు. చాలా క్యాంపస్‌లలో మొదటి సంవత్సరాల్లో అన్ని సైన్సులూ అందరూ చదవాల్సిందే, మేజర్ ఎంచుకోవడం ఆ తర్వాతే. బయాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం నీకు అస్సలు పడదు అనిపిస్తే ఆ విషయం ఇప్పుడే ఆలోచించుకో. నాకైతే ఆ ఏడాదులే బాగా పనికొచ్చాయి, ఇప్పుడు నేను చేస్తున్న ప్రాజెక్టు బయోఫిజిక్స్‌లోనే.

బైపీసీ_నుంచి_వచ్చా:

పైన అన్నయ్య చెప్పినదానికి అవతలి వైపు నుంచి ఒక మాట కలుపుతాను, బైపీసీ వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి. మాకు మ్యాథ్స్ భయం మీ బయాలజీ భయం కన్నా పెద్దది, ఎందుకంటే బయాలజీ చదివితే ఎక్కుతుంది, ఇంటిగ్రేషన్ లెక్కలు చేస్తే తప్ప రావు. అందుకే బైపీసీ వాళ్లు నెస్ట్ కూడా తప్పకుండా రాయాలి. ఐసర్ లాంటివే ఇంకో రెండు సైన్స్ సంస్థలు, భువనేశ్వర్‌లో ఉన్న నైసర్‌కీ, ముంబైలో ఉన్న సీఈబీఎస్‌కీ కలిపి జరిగే ప్రవేశ పరీక్ష అది. అందులో నాలుగు సెక్షన్లు ఉన్నా మెరిట్ లిస్టుకి బాగా వచ్చిన మూడే లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది. చెల్లీ, ఇది నీకూ వర్తిస్తుంది, నీ జేఈఈ ప్రిపరేషన్ అక్కడ దాదాపు నేరుగా పనికొస్తుంది. ఐఏటీ ఒక్కటే పెట్టుకుని కూర్చోకు.

బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) బీఎస్ రీసెర్చ్ కూడా చూడు, నాలుగేళ్ల కోర్సు. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు గానీ ఐఏటీ ర్యాంకు గానీ చూస్తున్నారు, కానీ ఐఐఎస్‌సీ సైట్‌లో అప్లికేషన్ విడిగా పెట్టాలి. ఐఏటీ రాస్తే వాళ్లే పిలుస్తారనుకుని ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, పిలవరు. అలాగే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, అది సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా. మూడు నాలుగు చోట్ల అప్లై చేస్తే ఫీజు కాస్త ఎక్కువవుతుంది, అయినా చెయ్యి.

డిగ్రీ_లెక్చరర్:

అమ్మా, అప్లికేషన్ దగ్గర పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది సర్టిఫికెట్లతో. మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్‌కి (పాత ఎంసెట్) వాడే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, పైగా మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు, కాబట్టి ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ అయితే కేంద్ర నిబంధనల్లో 8 లక్షల ఆదాయ పరిమితితో పాటు 5 ఎకరాల వ్యవసాయ భూమి నిబంధన కూడా ఉంది, ఎమ్మార్వో ఆఫీసులో అడిగేటప్పుడు సెంట్రల్ పర్పస్ అని స్పష్టంగా చెప్పాలి. ఏప్రిల్ 1 తర్వాత, ఆ ఆర్థిక సంవత్సరానికి జారీ అయినది అడుగుతారు. అప్లికేషన్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో నడుస్తుంటాయి, సరిగ్గా అప్పుడే మీకు ఇంటర్ పరీక్షలు, జేఈఈ మెయిన్ రెండో సెషన్. ఇంట్లో ఎవరో ఒకరు ఈ కాగితాల పని చూసుకుంటే నీ చదువు పాడవదు. నాన్నగారికి అప్పజెప్పు, ఆయనకీ ఈ కోర్సు సంగతి తెలుస్తుంది.

ఇంటర్ మార్కులు కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అర్హతకి 60 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 55. కానీ బోర్డులో పై 1 శాతంలో ఉన్నవాళ్లు సైన్స్ డిగ్రీలో చేరితే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేసుకోవచ్చు, ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 20,000 వేసవి ప్రాజెక్టు కోసం. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

వేవ్స్_అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. బయాలజీ మొదలుపెడతాను. నాన్న ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు... అలాగే నెగెటివ్ మార్కులు ఉన్నాయి కదా, బయాలజీలో డౌట్ ఉన్నవి వదిలేయడమే మంచిదా?

ఒక_తండ్రి:

తల్లీ, మీ నాన్నగారి స్థానంలో ఉన్నవాణ్ని, నేను చెప్తాను. మా అబ్బాయి బీఎస్-ఎంఎస్ పూర్తి చేసి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాడు. ఇది నాలుగేళ్లకి క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చే చదువు కాదు, ఆ మాట ముందే ఒప్పుకుని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఐదో సంవత్సరం థీసిస్, ఆ తర్వాత ఎక్కువమంది పీహెచ్‌డీకి వెళ్తారు, కొందరు డేటా వైపో సాఫ్ట్‌వేర్ వైపో వెళ్తారు. అయితే పీహెచ్‌డీ అంటే ఇంట్లోంచి డబ్బు పోయాలని మా తరం అనుకుంటుంది, అది నిజం కాదు. పీహెచ్‌డీ చేసేవాళ్లకి జాతీయ పరీక్ష ద్వారా ఇచ్చే సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, దాని మీద ఇంటద్దె అలవెన్సు. మీ నాన్నగారికి ఈ లెక్క చెప్పు. వీలైతే ఏర్పేడు దగ్గర ఉన్న తిరుపతి ఐసర్‌లో ఓపెన్ డే పెట్టినప్పుడు ఆయన్ని తీసుకెళ్లు. నాకు ల్యాబ్‌లు చూశాకే మనసు కుదుటపడింది. పిల్లలు చెప్తే సగం నమ్ముతాం, కళ్లతో చూస్తే పూర్తిగా నమ్ముతాం.

ఐసర్_నాలుగో_ఏడాది:

నెగెటివ్ మార్కుల సంగతి లెక్క వేసి చూసుకో. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా పెడితే సగటున ప్రశ్నకి పావు మార్కు వస్తుంది, అంటే దాదాపు ఏమీ లేనట్టే, అదృష్టం బాగోకపోతే పోతుంది కూడా. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే సగటు మూడింట రెండు వంతుల మార్కు. రెండు కొట్టేయగలిగితే ఒకటిన్నర. కాబట్టి రెండు ఆప్షన్లు తీసేయగలిగిన ప్రతి ప్రశ్నా రాసెయ్యి, అస్సలు తెలియనివి వదిలెయ్యి. బయాలజీలో ఆ రెండు ఆప్షన్లు తీసేసే పాటి జ్ఞానం రావడానికి రోజూ ఒక గంట చాలు, జేఈఈ చదువు కూడా దెబ్బతినదు. పాత పేపర్లు ఐసర్ అడ్మిషన్ సైట్‌లో దొరుకుతాయి, ముందు ఒకటి టైమ్ పెట్టుకుని రాసి, బయాలజీలో ఎన్ని వచ్చాయో ఇక్కడ చెప్పు. దాన్ని బట్టి ఏ చాప్టర్ ముందు చదవాలో చూద్దాం.