అప్‌డేట్: విద్యార్థి ఆత్మహత్య తర్వాత లెక్చరర్లకు సోషల్ మీడియా శిక్షణ

హైదరాబాద్‌లో మా ఇంటర్ కాలేజీ విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే లెక్చరర్లే ఫొటో, కారణాలు స్టేటస్‌లో పెడుతున్నారని, వాళ్లకు శిక్షణ ఎలా ఇవ్వాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సైకియాట్రిస్ట్‌ని పిలవమన్న సలహానే పనిచేసింది. ఆవిడ మా పోస్టులనే పేర్లు తీసేసి మాతో తిరగరాయించారు. ఎలా చనిపోయాడో, చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో ఏముందో రాయకూడదు. ‘మార్కుల వల్లే’ అని ఒక్క కారణానికి ముడిపెట్టకూడదు. ‘ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు’ అనడమూ ప్రమాదమేనట, చావే పరిష్కారమని మిగతా పిల్లలకు అనిపించొచ్చు. ఆ మాట పెట్టింది నేనే, సిగ్గేసింది. పోస్టు కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వమన్నారు. 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా పిల్లలు ‘నేనూ వెళ్లిపోతా’ అని రాస్తే కామెంట్ పెట్టి ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేయాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

పిల్లల చాట్ గ్రూపులు మూసేయడం మాత్రం దండగ. మూసిన సాయంత్రమే పిల్లలు ఇంకోటి పెట్టుకున్నారు.